పడవలో ఒక్కడే

ఈరోజు చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. ఇంట్లోంచే ఆఫీసు పని, రెండు మీటింగులు, ఆరిన బట్టలు ఇంకా కుర్చీ మీదే ఉన్నాయి. అయినా రాయాలనిపించింది, రాత్రి పాప అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది మరి.

పడుకునే ముందు రోజూ మేమిద్దరం ఒక్క ఎపిసోడ్ 'ఇన్ ద నైట్ గార్డెన్' చూస్తాం. బీబీసీ వాళ్ల పసిపిల్లల ఛానెల్ సీబీబీస్‌లో 2007లో మొదలైంది, మొత్తం 100 ఎపిసోడ్లు, కొన్నిటిని ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. రాసిందీ సంగీతం కట్టిందీ ఆండ్రూ డావెన్‌పోర్ట్, అంతకుముందు 'టెలిటబ్బీస్' అనే పిల్లల కార్యక్రమాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఆయనొకరు. కథ చెప్పే గొంతు డెరెక్ జాకబిది. షేక్స్‌పియర్ నాటకాల్లో పేరు తెచ్చుకున్న ఆ పెద్దాయన 'మక్కా పక్కా' అని ఓ బొమ్మ పేరుని అంత శ్రద్ధగా పలుకుతుంటే నాకు ఆయనంటే గౌరవం పెరుగుతుంది. పసిపిల్లల కోసమే కదా అని ఒక్క మాట కూడా తేలిగ్గా అనలేదు.

మొదట ఓ బిడ్డ అరచేతిలో ఎవరో వేలితో గుండ్రంగా తిప్పుతుంటారు. తర్వాత చీకటి సముద్రం, చిన్న పడవ, అందులో ఇగ్గిల్‌పిగ్గిల్ అనే నీలం రంగు బొమ్మ, వాడి ఎర్ర దుప్పటి. వాడు తెరచాప దించి పడుకున్నాక తోట వస్తుంది. ఆ తోటలో పెద్దగా ఏమీ జరగదు. మక్కా పక్కా రాళ్లు కడుగుతాడు, కనిపించిన వాళ్లందరి మొహాలూ స్పాంజితో తుడుస్తాడు, అంతే. చివర్లో మాత్రం, ఆ రోజు జరిగిందంతా బొమ్మల కథలా మళ్లీ చెప్పి ఒకరిని నిద్రపుచ్చుతారు. నాకు అన్నిటికన్నా ఆ భాగమే ఇష్టం. అది చూసే, లైటు ఆర్పాక పాప రోజుని పాపకే కథగా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఈ రాత్రీ మొదలుపెట్టాను. అనగనగా ఒక పాప, పొద్దున్నే లేచి చెప్పులు అటుదిటు వేసుకుంది, గుమ్మం దగ్గర చీమలు వెళ్తుంటే అవి దాటేదాకా ఆగింది, తర్వాత స్నానం చేసింది... ఇలా చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "నీళ్లు ఒలికాయి కదా అమ్మా, అది చెప్పు" అంది.

మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా గ్లాసు తన్నేసింది. ల్యాప్‌టాప్ పక్కనే. ఆ టెన్షన్‌లో గట్టిగా అరిచేశాను. అది కథలోంచి నేను కావాలనే తీసేశాను, తను మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాను. మూడేళ్ల పిల్ల, అలా ఎలా మర్చిపోతుంది! సరే, చెప్పాను. నీళ్లు ఒలికాయి, అమ్మ అరిచింది, పాప ఏడ్చింది, తర్వాత ఇద్దరూ కలిసి గుడ్డతో నేల తుడిచారు. "మక్కా పక్కాలాగా" అని నవ్వింది. అమ్మ సారీ చెప్పింది అని కూడా కలిపాను. మధ్యాహ్నం నేను ఆ మాట అనలేదు, అందుకే కథ ఆపి, తన మొహం నా వైపు తిప్పుకుని, నిజంగానే అన్నాను. "ఊఁ" అంది, తర్వాతేమైంది అన్నట్టు.

కథ అయిపోయింది, పడుకుందనే అనుకున్నాను. అప్పుడు అడిగింది. "అమ్మా, ఇగ్గిల్‌పిగ్గిల్ పడవలో ఒక్కడే ఉన్నాడు కదా, వాడికి కథ ఎవరు చెప్తారు?"

ఇన్ని రాత్రులు పక్కనే కూర్చుని చూశాను, నాకు ఒక్కసారి కూడా ఆ సందేహం రాలేదు. తోటలో అందరూ పడుకున్నాక చిట్టచివర మిగిలేది వాడే, మళ్లీ ఆ చీకటి నీళ్లలోకి వెళ్లిపోయేదీ వాడే. ఏం చెప్పాలో తెలియక, "మనం చెబుదామా?" అన్నాను.

నా చెయ్యి లాక్కుని, అరచేతిలో వేలితో గుండ్రంగా తిప్పుతూ తనే మొదలుపెట్టింది. "అనగనగా ఇగ్గిల్‌పిగ్గిల్... చెప్పులు వేసుకున్నాడు... నీళ్లు ఒలికాయి..." మూడో చుట్టు సగంలో వేలు ఆగిపోయింది.