పడవ మీద నిమ్మకాయ

ఆదివారం రాత్రి.

పొద్దున కొల్లాపూర్‌లో బస్సు దిగేసరికే ఎండ చురుక్కుమంటోంది. మా బడి తెలుగు సారు మోటారు సైకిలుతో సిద్ధంగా ఉన్నారు. వారం రోజులుగా ఒకటే పోరు. కృష్ణ ఒడ్డున సోమశిలలో వాళ్ళ పెద్దల ఇంటి దొడ్లో ఒక పాత తెరచాప పడవ ఉందట, నిజాం కాలం నాటిదట, వాళ్ళ తమ్ముడు రేవు దారిలో పెట్టిన హోటలు ముందు దాన్ని నిలబెట్టి బోర్డు రాయిస్తాడట. "మీరు సైన్సు సారు కదా, ఒకసారి చూసి సరే అనండి" అన్నారు. చూడడం కన్నా సరే అనడమే అక్కడ ముఖ్యమని నాకు ఆలస్యంగా అర్థమైంది.

పడవ చింతచెట్టు కింద బోర్లించి ఉంది. లోపల కోళ్ళు. నలుగురం పట్టి ఒక పక్కకు ఒరిగించాం. తారు మీద తారు పూసి పూసి ఏనుగు చర్మంలా ఉంది. నా అడుగులతో కొలిస్తే పొడవు ఇరవై రెండు. ముందు భాగంలో తెరచాప కొయ్య నిలబెట్టే దిమ్మ, దానికి చదరపు గుంత. అంతవరకు సారు మాట నిజమే, ఇది తెరచాప పడవే.

బోర్డు మీద రాయాల్సింది ఆయన ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నారు: ‘మా తాతగారు కృష్ణ దాటించిన నావ, 1920.’ ఆ సంవత్సరం ఎక్కడిదని అడిగితే "అటూ ఇటూగా" అన్నారు.

నాకు అనుమానం కలిగించింది అడుగున పొడవునా ఉన్న వెన్నుదూలం. ఆనకట్ట రాకముందు ఇక్కడి కృష్ణ అంటే బండలు, ఎండాకాలం ఆ బండల మధ్య సన్నటి పాయలు. దాటడానికి పుట్టి ఉండేది. వెదురు బుట్టకు తోలు తొడిగితే పుట్టి. దానికి ముందూ వెనుకా ఉండవు, తెరచాప కడితే బొంగరంలా తిరగడం తప్ప ఏమీ చేయదు. వెన్నుదూలం ఉన్న పడవ ఆ బండల్లో వారం తిరగదు. ఇక్కడ లోతు నీళ్ళు నిలిచింది శ్రీశైలం ఆనకట్ట తర్వాతే, 1981లో ఊళ్ళు ఖాళీ చేయించాక.

సారు ఒప్పుకోలేదు. లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెచ్చారు. శ్రీశైలం ముంపులో ఇళ్ళూ భూములూ పోయినవాళ్ళకు ఉద్యోగం ఇవ్వాలన్న 98 జీవో పట్టుకుని తిరిగిన రోజుల కాగితాలన్నీ అందులోనే. ముంపు పరిహారం జాబితాలో ఇల్లు, బావి, ఏడు వేపచెట్లు ఉన్నాయి, పడవ లేదు. "పడవ కదిలే ఆస్తి కదా, రాయరు" అన్నారు. తెలుగు పండితుడితో వాదన కష్టం.

నేను చాకుతో అడుగు పలక మీద తారు గీకడం మొదలుపెట్టాను. పలకలు ఒకదాని అంచుకు ఒకటి ఆనించి, సందుల్లో నూలు దూర్చి బిగించారు. మేకులన్నీ ఇనుపవి. అరగంట గీకాక కొయ్యలో చిటికెన వేలు పట్టేంత సొరంగాలు కనబడ్డాయి. "చెదలు" అన్నారు సారు. చెదలైతే మట్టి ఉండాలి. ఇక్కడ సొరంగం లోపల గోడకు గుడ్డు పెంకులా తెల్లటి పూత ఉంది.

నాకు గుండె కాస్త వేగంగా కొట్టుకుంది, అబద్ధం ఎందుకు! ఓడపురుగు పేరు పుస్తకంలో చదవడమే తప్ప దాని పని ఎప్పుడూ చూడలేదు. పేరుకు పురుగే గాని ఆల్చిప్పల జాతిది. కొయ్యను తొలుచుకుంటూ పోతూ వెనుక సున్నపు పూత పూసుకుంటుంది. అది బతికేది సముద్రంలోనూ, సముద్రపు పోటు తగిలే ఉప్పుటేరుల్లోనూ. సోమశిల నీళ్ళలో బతకదు. నిమ్మకాయ అడిగాను. ఆ తెల్లటి పెచ్చు ఒకటి పళ్ళెంలో వేసి పిండితే చిన్న చిన్న బుడగలు వచ్చాయి. సున్నమే. ఈ పలక ఒకనాడు ఉప్పునీళ్ళలో నానింది.

అరుగు మీద కూర్చుని అంతసేపూ చూస్తున్న వాళ్ళ అవ్వ అప్పుడు నోరు విప్పింది. "ముంపు నీళ్ళు నిలిచాక సముద్రం వైపు నుంచి చేపలు పట్టేవాళ్ళు వచ్చారు కదా బిడ్డా. వాళ్ళు లారీ మీద తెచ్చుకున్న పడవ ఇది. మీ తాత దగ్గర జొన్నలు అప్పు తీసుకున్నారు. పోయేటప్పుడు దీన్ని విడిచిపోయారు."

"తాత దాన్ని నడపలేదా?"

"ఒకసారి ఎక్కాడు. వాంతి చేసుకుని దిగాడు."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు? నిజాం, నిజాం అని నువ్వే చెప్పుకుంటూ తిరిగావు."

సారు ముఖం చూడలేక పైపలకలు పరీక్షించాను. అక్కడ సొరంగాలు లేవు, కొయ్య రంగు వేరు. "అవి మన వేపచెట్టువే, కోళ్ళకు వాన పడుతోందని మీ తాత వేయించాడు" అంది అవ్వ. అంటే అడుగు సముద్రానిది, అంచు సోమశిలది.

భోజనంలో చేపల పులుసు చాలా బాగుంది. సారు మాత్రం పెద్దగా మాట్లాడలేదు. రెండు గంటలకు తమ్ముడు వచ్చాడు. విషయం విని ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సముద్రం పడవా! అయితే ఇంకా మంచిది" అని అన్న చేతిలోని కాగితం లాక్కుని తాతగారినీ కృష్ణనూ కొట్టేశాడు. 1920 దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశాడు.

"సంవత్సరం మాత్రం ఉంచుదాం సారూ" అన్నాడు.