మామిడి లోడ్ల లెక్క: పాకెట్‌బేస్, ఫ్రాపే, జాంగో

బంగారుపాళెం వైపు మా మామ తోట, దాన్ని ఆనుకుని దాయాదుల తోటలు. సీజన్‌లో తోతాపురి కాయ జ్యూస్ ఫ్యాక్టరీకో, కాయ కొనే ర్యాంపుకో పోతుంది. కాటా చీటీలు ఒక బిస్కెట్ డబ్బాలో, అడ్వాన్సులు నోటుబుక్కులో, కోత కూలి, ట్రాక్టర్ బాడుగ మామ తలలో. ఈ మూడింటినీ ఒకచోట చేర్చే చిన్న వెబ్ అప్లికేషన్ కట్టాలన్నది తిరుపతిలో సాయంత్రాలు నేను పెట్టుకున్న పని. దానికి మూడు ఉపకరణాలు ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించాను, ఆ కథే ఇది. షరతులు రెండే: సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకోగలిగేది) అయ్యుండాలి, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో నడవాలి.

లోడుకి ఒక రేటు, ఒక చెల్లింపు అనుకుని గీసిన పట్టిక ఏదైనా 2025 సీజన్‌లో చెల్లేది కాదు. ఆ ఏడు తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, దానిపైన ప్రభుత్వం 4 రూపాయలు రైతు ఖాతాలో వేస్తుందని తేల్చారు. 6,480 కిలోల లోడుంటే ఫ్యాక్టరీ నుంచి 51,840, ప్రభుత్వం నుంచి 25,920. ఇచ్చేవాళ్ళు వేరు, తేదీలు వేరు. అందుకే చెల్లింపులకి వేరే పట్టిక కావాలి: ఏ లోడుకి, ఎవరు, ఎంత, ఎప్పుడు. పైగా ఇట్లాంటి మార్పు సీజన్ నడిమధ్యలో వస్తుంది. పాత డేటా చెడకుండా పట్టికలు ఎంత తేలిగ్గా మార్చుకోవచ్చు అన్నదే నాకు తూకపు రాయి. మొదటి స్క్రీన్ ఎంత తొందరగా వచ్చిందన్నది కాదు.

బ్రహ్మోత్సవాల సెలవులు: పాకెట్‌బేస్

ఊరంతా జనం, బయటికి కదిలే పని లేదు. గో భాషలో రాసిన పాకెట్‌బేస్ డేటాబేసూ అడ్మిన్ స్క్రీనూ కలిసిన ఒకే ఫైలు. దించుకుని నడిపితే 8090 పోర్టులో అడ్మిన్ స్క్రీన్ తెరుచుకుంటుంది. లోపల ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్, లైసెన్స్ ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ రకం. రైతులు, లోడ్లు, చెల్లింపులు అని కలెక్షన్లు (పట్టికలు) పెట్టి, మొత్తాలకి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) రాసి, ఆ జవాబునే పట్టికలా చూపే వ్యూ కలెక్షన్ చేస్తే టీ చల్లారేలోపు బాకీల జాబితా వచ్చేసింది. ముచ్చటేసింది, అబద్ధం చెప్పను.

అయితే దాని నంబర్ ఫీల్డ్ (అంకెల గడి) ఫ్లోట్, అంటే దశాంశాలని ఉజ్జాయింపుగా దాచే రకం. డబ్బు లెక్క ఫ్లోట్‌లో పెట్టకూడదు కాబట్టి అన్నీ పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచాలి. అది చేసుకోవచ్చు. నన్ను ఆపింది ఇంకోటి: 1.0 వచ్చేదాకా పాత వెర్షన్లతో పొసగుతుందని హామీ ఇవ్వలేమని వాళ్ళే రాసి పెట్టారు, 0.23లో చాలా మార్చేశారు కూడా. ఏటా జూన్‌లో అందుకుని ఆగస్టులో పక్కన పెట్టే అప్లికేషన్‌కి అది ఇబ్బంది. లెక్క చిన్నదైతే, ఒక్కరే వాడేదైతే ఇప్పటికీ దీన్నే చెప్తాను.

కార్తీకం: ఫ్రాపే

ముంబైలో పుట్టిన ఫ్రేమ్‌వర్క్ (అప్లికేషన్లు కట్టుకోడానికి సిద్ధంగా ఉన్న చట్రం), వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీ నెక్స్ట్ దీని మీదే కట్టారు. ఫ్రేమ్‌వర్క్‌కి ఎంఐటీ, ఈఆర్‌పీ నెక్స్ట్‌కి జీపీఎల్, రెండూ ఓపెన్ సోర్స్ లైసెన్సులే. డాక్‌టైప్ అని ఒకటి నిర్వచిస్తే పట్టిక, ఫారం, అనుమతులు, ప్రింట్ అన్నీ దాని వెంటే వస్తాయి. నాకు బాగా నచ్చింది సబ్మిట్ పద్ధతి. చీటీ ఒకసారి సబ్మిట్ చేశాక దిద్దలేం. తప్పుంటే రద్దు చేసి, అమెండ్ చేసి కొత్తది రాయాలి. పాతది రద్దైనట్టు రికార్డులోనే ఉంటుంది. దాయాదుల మధ్య లెక్కకి ఇంతకంటే ఏం కావాలి!

బరువే దీంతో చిక్కు. మరియాడీబీ అనే డేటాబేస్, దానికి తోడుగా నడిచే రెడిస్, నోడ్, వెనక పనిచేసే వర్కర్లు, అన్నీ కలిసి నా ల్యాప్‌టాప్‌ని కదలనివ్వలేదు. ఇంకో సంగతి, లింక్ ఫీల్డులకి డేటాబేస్‌లో ఫారిన్ కీ (లేని వరసని చూపించనివ్వని కట్టు) పెట్టదు. ఆ కాపలా అంతా పైథాన్ కోడ్‌దే. నాకేమో ఆ కాపలా డేటాబేసే కాయాలి.

ఇట్లాంటివే ఇంకో రెండు ఫ్రేమ్‌వర్కులు, రూబీ భాషలో రైల్స్, పీహెచ్‌పీలో లారావెల్, తెరిచి చూశాను, అంతే. రెండూ గట్టివే, కానీ నా చేతికి అలవాటైంది పైథాన్. పాకెట్‌బేస్ లాంటిదే డైరెక్టస్, దాని వైపు చూసేవాళ్ళు లైసెన్స్ ఫైలు ముందు చదవండి. 2023లో జీపీఎల్ వదిలి బీఎస్‌ఎల్ అనే షరతుల లైసెన్స్‌కి మారింది. చిన్నవాళ్ళకి ఉచితమే, కానీ దాన్ని ఓపెన్ సోర్స్ అనలేం.

సంక్రాంతి తర్వాత: జాంగో, పోస్ట్‌గ్రెస్

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక దినపత్రిక ఆఫీసులో పుట్టి 2005లో బయటికొచ్చింది జాంగో, ఇది పైథాన్ ఫ్రేమ్‌వర్క్. నేను తీసుకున్నది 5.2, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్. ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం మద్దతుండే వెర్షన్) కాబట్టి 2028 ఏప్రిల్ దాకా భద్రతా మార్పులు అందుతాయి. ఎవరికైనా పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నా.

నికర బరువుని జనరేటెడ్ ఫీల్డ్‌గా పెట్టాను. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం పోస్ట్‌గ్రెసే తీసేస్తుంది, చేత్తో మార్చడానికి వీల్లేదు. నిండు తూకం ఖాళీ తూకం కంటే ఎక్కువుండాలని చెక్ కన్‌స్ట్రెయింట్ (డేటాబేసే అమలుచేసే నియమం). దానికిచ్చే ఆర్గ్యుమెంట్ పేరు 5.1 నుంచి చెక్ కాదు, కండిషన్. పాత పాఠాలు చూసి రాసేవాళ్ళు గమనించండి. ఒకే చీటీ నంబరు రెండు ఫ్యాక్టరీల్లో ఉండొచ్చు కాబట్టి ఫ్యాక్టరీ, సీజన్, చీటీ నంబరు మూడూ కలిపి యూనిక్, అంటే అదే జత రెండోసారి పడదు. లోడ్లున్న రైతు పేరు ఎవరూ చెరపకుండా ప్రొటెక్ట్ అనే అడ్డు. డబ్బంతా డెసిమల్, పైసా తేడా రాని దశాంశ రకం. రేటు ఆ రోజుది ఆ లోడులోనే దాస్తాను. రేట్ల పట్టిక తర్వాత మారినా పాత లోడు కదలదు.

ఫ్రాపే సబ్మిట్ ఆలోచనని ఇక్కడికి తెచ్చుకున్నా: స్థితి అని ఒక గడి, ఖాయమైన లోడుకి అడ్మిన్‌లో అన్ని గడులూ చదవడానికి మాత్రమే. లక్షల కామాల కోసం సెట్టింగ్స్‌లో భాష తెలుగుగా పెట్టి, నంబర్ గ్రూపింగ్‌కి 3, 2, 0 ఇచ్చి, థౌజండ్ సెపరేటర్ వాడమని చెప్తే 1,25,000 సరిగ్గా వస్తుంది. రైతుల పేర్ల వరసకి పోస్ట్‌గ్రెస్‌లో ఐసీయూ తెలుగు కొలేషన్ (అక్షరాల వరస నియమం) వాడాను. లేకపోతే యూనికోడ్ నంబర్ల ప్రకారం సున్న (ం) అచ్చులకంటే ముందుకొచ్చేస్తుంది.

ప్రభుత్వపు 4 రూపాయలు అదనంగా వచ్చినట్టు ఉత్తుత్తి డేటాతో పరీక్ష పెట్టాను. ఇచ్చినవాళ్ళు అని ఒక గడి కలిపి మైగ్రేషన్ (పట్టిక మార్పుని డేటాబేస్‌లో అమలుచేసే ఆదేశం) నడిపితే పాత వరసలన్నిటికీ ఫ్యాక్టరీ అని పడింది, మొత్తాలు మారలేదు. జాంగోని ఖాయం చేసింది ఇదే.

మామకి ఫోన్లో చూపిస్తే, "ఇదంతా సరే అల్లుడా, చీటీ పోతే నీ కంప్యూటర్ తెచ్చిస్తాదా?" అన్నాడు. ఆ రాత్రే చీటీ ఫోటోకి ఇమేజ్ ఫీల్డ్ కలిపాను. రోజూ రాత్రి క్రాన్‌లో (వేళకి పని తానే నడిపేది) పీజీ డంప్, అంటే పోస్ట్‌గ్రెస్ నకలు, ఫోటోల ఫోల్డర్‌తో సహా పెన్‌డ్రైవ్‌కి. ఆ బ్యాకప్‌ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి చూసుకున్నా, నిలబడింది.

జూన్‌లోపు మిగిలిన పని ర్యాంపు దగ్గర నమోదు. అక్కడ సిగ్నల్ ఉండీ లేనట్టు ఉంటుంది. ఫోన్లోనే దాచుకుని సిగ్నల్ దొరికినప్పుడు పంపే చిన్న ఫారం రాస్తున్నా. ఒకే చీటీ రెండుసార్లు వచ్చినా ఆ యూనిక్ నియమం పట్టుకుంటుంది. కోత కూలి, బాడుగ పట్టికలు దాని తర్వాతే.