47 కిలోల 600 గ్రాములు

కర్నూలు మార్కెట్ యార్డుకు ఎర్రగడ్డల లోడ్లు రావడం మొదలైతే నాకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాటా దగ్గరే పని. పదహారేళ్లుగా ఒక మండీలో గుమాస్తాను. బస్తా కాటా మీద పడిన చప్పుడును బట్టే ఇంత బరువని చెప్పేస్తాను, కిలోకు మించి తేడా రాదు. అందుకే బాక్సర్ రికార్డో లోపెజ్ ఏ బరువులో ఆడేవాడో మొదటిసారి చదివినప్పుడు నాకు వెంటనే బస్తానే గుర్తొచ్చింది. 105 పౌండ్లు, అంటే 47 కిలోల 600 గ్రాములు. మా హమాలీలు వీపున వేసుకుని లారీకి ఎక్కించే 50 కిలోల బస్తా కంటే తక్కువ.

ఆ బరువున్న మెక్సికో మనిషి 52 పోటీల్లో ఒక్కటీ ఓడిపోలేదు. 51 గెలుపులు, ఒక డ్రా. 1990 అక్టోబరులో టోక్యో వెళ్లి, హిదెయుకి ఒహాషిని అతని సొంత జనం ముందే ఐదో రౌండులో ఓడించి, బాక్సింగ్‌లో అన్నిటికంటే తక్కువ బరువైన మినిమమ్ వెయిట్ విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఒక్క డ్రా 1998 మార్చిలో రొసెండో అల్వారెజ్‌తో. రెండో రౌండులో లోపెజ్ కింద పడ్డాడు, తర్వాత తలలు ఢీకొని గాయమైతే పోటీ మధ్యలోనే ఆపేశారు. అదే ఏడాది నవంబరులో మళ్లీ తలపడి గెలిచాడు. ఇంత చేసిన మనిషి చివరి పోటీ 2001 సెప్టెంబరు 29న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. ఆ రాత్రి అక్కడికి జనం వచ్చింది ప్రధాన పోటీలో తలపడే హాప్కిన్స్, ట్రినిడాడ్‌ల కోసం. లోపెజ్ అంతకు ముందు వచ్చి, ఎనిమిదో రౌండులో ప్రత్యర్థిని పడగొట్టి, వెళ్లిపోయాడు. ఓటమి లేకుండానే రిటైరయ్యాడు. మా వీధిలో టైసన్ పేరు తెలియని ముసలమ్మ కూడా లేదు. లోపెజ్ పేరు నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఇది నిజంగా బాధ.

పోయిన సీజన్‌లో టీ టైంలో మా మండీ హమాలీ తమ్ముడొకడికి ఫోన్‌లో లోపెజ్ పోటీ చూపించాను. తమ్ముడు కూడా సన్నటి మనిషే, యాభై కిలోలుంటాడేమో.

"ఏందన్నా, పిల్లోని మాదిరి ఉండాడు" అన్నాడు మొదట. తర్వాత టీ గ్లాసు కింద పెట్టి దగ్గరకు జరిగాడు. ఒక రౌండు మొత్తం మాట్లాడలేదు. ఆపైన, "చెయ్యి గాదన్నా, నడుం చూడు. బస్తా ఎత్తేది గూడా అట్లే గదా" అన్నాడు.

బాక్సింగ్ గురించి నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ మాట మేలు. కొత్తగా వచ్చిన హమాలీ చేతులతో బస్తా లాగుతాడు, మధ్యాహ్నానికి భుజాలు పడిపోతాయి. పాతవాళ్లు మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి, నడుము తిప్పి ఒక్క ఊపులో వీపు మీదికి తెచ్చుకుంటారు. లోపెజ్ ఎడమ చేతి అప్పర్‌కట్, అంటే కింది నుంచి పైకి గుద్దే గుద్దు, కూడా అంతే. మడమ దగ్గర మొదలై, నడుము తిరిగి, చివరకు చెయ్యి లేస్తుంది. గుద్దిన తర్వాత కాళ్లు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. తూలడు, ముందుకు పడడు. వెంటనే ఇంకొకటి గుద్దగలడు, లేదా పక్కకు తప్పుకోగలడు.

హెవీవెయిట్‌లో వంద కిలోల మనిషి సరిగ్గా నిలబడకపోయినా, తగిలితే చాలు, అవతలివాడు పడిపోవచ్చు. తప్పులను బరువు కప్పేస్తుంది. 47, 49, 51 కిలోల వాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఒక్క దెబ్బతో పని కాదు కాబట్టి ముందు డొక్కలో కొట్టాలి, చేతులు కిందికి దిగేలా చెయ్యాలి, ఆ తర్వాత దవడ. అదంతా పన్నెండు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు, ఆగకుండా. మొదటి రౌండులో ఎంత వేగంగా కదిలారో చివరి రౌండులోనూ దాదాపు అంతే వేగం. హెవీవెయిట్ పోటీలో ఎనిమిదో రౌండుకు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడటం ఎన్నిసార్లు చూశామో.

తక్కువ బరువువాళ్ల పోటీల్లో ప్రమాదం ఉండదనుకుంటే మాత్రం 1993 మార్చి 13న లాస్ వేగస్‌లో మైకేల్ కార్బహాల్, హంబెర్టో గొంజాలెజ్‌ల మధ్య జరిగింది చూడండి. లైట్ ఫ్లైవెయిట్, 49 కిలోలు. కార్బహాల్ రెండో రౌండులో పడ్డాడు, ఐదో రౌండులో మళ్లీ పడ్డాడు, ఏడో రౌండులో గొంజాలెజ్ పడ్డాక నిలబడి ఉన్నది మాత్రం అతనొక్కడే. ద రింగ్ అనే బాక్సింగ్ పత్రిక ఆ ఏడాదికి అదే మేటి పోటీ అంది. మరుసటి ఏడాది రీమ్యాచ్‌కు కార్బహాల్ పది లక్షల డాలర్లు తీసుకున్నాడు. ఆ బరువులో అంత డబ్బు అంతకు ముందు ఎవరూ చూడలేదు.

నాకు ఈ ఇష్టం పట్టుకున్నది 1998 డిసెంబరులో, తొమ్మిదో తరగతిలో. ఆ ఏడాది బడిలో కబడ్డీ సెలెక్షన్‌కు వెళ్తే నన్ను కూత పెట్టనివ్వకుండానే "బరువు లేవు, పో" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. కొన్ని వారాలకు పేపర్లో డింకో సింగ్ ఫోటో పడింది. బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో 54 కిలోల విభాగంలో బంగారు పతకం. మణిపూర్ మనిషి, నేవీలో ఉద్యోగం. మొదట జట్టులో పేరే లేదట. ఆ ఫోటో కత్తిరించి లెక్కల నోట్‌బుక్ అట్ట లోపల అంటించుకున్నాను. మేరీ కోమ్‌కు కూడా ఆయనే స్ఫూర్తి అని తర్వాతెప్పుడో చదివి ఎంత సంతోషపడ్డానో. 2021 జూన్‌లో 42 ఏళ్లకే కేన్సర్‌తో పోయారు. ఆ రోజు మండీలో లెక్కలు సరిగ్గా రాయలేకపోయాను.

మన తెలుగువాళ్లలో నిజామాబాద్ నిఖత్ జరీన్ అందరికీ తెలుసు. 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్, తెలియాల్సిందే. అదే నిజామాబాద్ నుంచి హుస్సాముద్దీన్ కూడా ఉన్నాడని ఎంతమందికి తెలుసు? నిఖత్‌కు బాక్సింగ్ నేర్పిన శంసుద్దీన్ గారి కొడుకు. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో రెండు కాంస్యాలు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో 57 కిలోల విభాగంలో సెమీఫైనల్ దాకా వచ్చి, మోకాలి గాయంతో రింగులోకి దిగకుండానే కాంస్యంతో తిరిగొచ్చాడు. అక్కడిదాకా వెళ్లి దిగలేకపోవడం ఎంత నరకమో.

హర్యానా అమిత్ పంఘాల్ కథ వేరే. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో 49 కిలోల ఫైనల్లో రియో ఒలింపిక్ చాంపియన్, ఉజ్బెకిస్థాన్ హసన్‌బాయ్ దుస్మతోవ్‌ను 3-2తో ఓడించాడు. తర్వాత టోక్యో ఒలింపిక్స్‌కు వచ్చేసరికి పురుషుల్లో 49 కిలోల విభాగమే తీసేశారు. ఆడవాళ్ల విభాగాలు మూడు నుంచి ఐదయ్యాయి, అది ఎప్పుడో జరగాల్సింది, నాకు పూర్తి సంతోషం. కానీ అమిత్ 52కు పెరగాల్సి వచ్చింది. 49 కిలోల ఒంటికి మూడు కిలోలంటే ఏమిటో కాటా దగ్గర కూర్చునేవాడిగా నాకు తెలుసు. టోక్యోలో మొదటి పోటీలోనే ఓడిపోయాడు. దుస్మతోవ్‌కైతే టోక్యోలో చోటే దొరకలేదు. ఎనిమిదేళ్లు ఆగి, 2024లో పారిస్‌లో 51 కిలోల విభాగంలో మళ్లీ బంగారం గెలిచాడు. ఆ పట్టుదలకు నేను దండం పెడతాను.

ఇక నా ప్రాణం రోమన్ గొంజాలెజ్, ముద్దుపేరు చాకొలటీటో. నికరాగువా గొప్ప బాక్సర్ అలెక్సిస్ అర్గుయో మూడు బరువుల్లో చాంపియన్. ఆయన దగ్గర నేర్చుకున్న ఈ పిల్లవాడు 2016 సెప్టెంబరులో నాలుగో బరువులోనూ చాంపియన్ అయ్యాడు. అవతలివాడి ఛాతీకి ఆనుకున్నంత దగ్గరగా నిలబడతాడు. అర అడుగు పక్కకు వేస్తాడు, అంతే, వాళ్ల గుద్దులు గాలికి పోతాయి, ఇతనివి నాలుగైదు వరసగా తగులుతాయి. అమెరికాలో శనివారం రాత్రంటే మనకు ఆదివారం పొద్దున. యార్డుకు సెలవు. మా ఆవిడ ఉగ్గాని చేస్తుంది, బజ్జీలు నేను కింద హోటల్ నుంచి తెస్తాను, ప్లేటు పట్టుకుని ఫోన్ ముందు కూర్చుంటాను.

2017 సెప్టెంబరులో అలాంటి ఒక ఆదివారమే థాయ్‌లాండ్ శ్రీసాకెత్ అతణ్ని నాలుగో రౌండులో పడగొట్టాడు. శ్రీసాకెత్ కూడా ఒకప్పుడు బ్యాంకాక్‌లో చెత్త ఎత్తే పని చేసినవాడే, ఆయన మీద కోపం తెచ్చుకోలేను. కానీ వెల్లకిలా పడున్న గొంజాలెజ్‌ను చూస్తూ ఉగ్గాని ముట్టుకోలేదు. "ఎవురన్నా మనోళ్లు పోయినారా?" అని మా అమ్మ అడిగింది. అందరూ అతని పని అయిపోయిందన్నారు.

2020 మార్చి 1, కరోనా లాక్‌డౌన్‌కు కొద్ది వారాల ముందు. టెక్సాస్‌లో ఓటమి ఎరుగని ఖాలిద్ యఫాయ్‌తో పోటీ. వయసులో చిన్నవాడు, ఒంట్లో పెద్దవాడు. గొంజాలెజ్ ఒక్కో రౌండు అతణ్ని అరిగిస్తూ పోయి తొమ్మిదో రౌండులో ఓడించాడు. నేను అరిచిన అరుపుకు మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

నిన్న సాయంత్రం కాటా కట్టేసే టైంకు హమాలీ తమ్ముడు వచ్చి, "అన్నా, ఆ నికరాగువా ఆయప్పది ఉందన్నావే, అది ఎప్పుడు చూపిస్తావు?" అని అడిగాడు. రేపు టీ టైంలో అన్నాను. తొమ్మిది రౌండ్లకు ఒక టీ చాలదు, మేస్త్రీని అడిగి ఇంకో పావుగంట తీసుకోవాలి.