నాన్న పద్యాల కోసం కంప్యూటర్ స్పీకర్లు వెతికాను

నాన్న తెనాలి నుంచి విజయవాడ వచ్చినప్పుడల్లా మా కంప్యూటర్ ముందు కూర్చుని పాత నాటక పద్యాలు పెట్టమంటారు. తెనాలి మనిషి కదా, పద్యం అంటే ప్రాణం, రాగం తీస్తుంటే కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటూ ఉంటారు. మానిటర్‌లో ఉన్న స్పీకర్ గొంతు చాలట్లేదని పోయిన సంక్రాంతి ముందు ఏలూరు రోడ్డులో ఒక షాపుకెళ్లి 2.1 సెట్ కొన్నా, చిన్నవి రెండు, బేస్ కోసం కింద పెట్టుకునే ఊఫర్ ఒకటి, డబ్బా మీద 3000 వాట్స్ పీఎంపీఓ అని ఇంతింత అక్షరాలు, రేటు 2200. షాపులో కుర్రాడు డీజే బీట్ ఏదో పెట్టాడు, బల్ల అదిరింది, బాగుంది కదా అని తెచ్చేశా.

ఇంట్లో పద్యం పెడితే నాన్న రెండు నిమిషాలు విని "ఏరా, కుండలో తల పెట్టి పాడుతున్నట్టుందేంట్రా" అన్నారు. నిజంగా అలాగే ఉంది. దీర్ఘం తీసినప్పుడు గొంతంతా ఊఫర్లోంచి బొంయ్‌మని వస్తోంది, అక్షరాలేమో పైన చిన్న స్పీకర్లలో పలచగా చిట్‌చిట్ అంటున్నాయి. ఆ రోజు చాలా బాధేసింది, ఆయన అడిగేదే అంత తక్కువ.

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది. పీఎంపీఓ అనే అంకెకి ఒక పద్ధతీ లెక్కా లేవు, కంపెనీ ఎంత రాస్తే అంత, చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్స్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. అసలు టేబుల్ దగ్గర మూడడుగుల దూరంలో కూర్చుని వినడానికి అన్ని వాట్స్ అక్కర్లేదు, వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది సౌండ్ కొలతలో 3 డెసిబెల్సే, చెవికి సౌండ్ రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. ఇంకోటి, మాట అర్థమయ్యేదంతా మధ్య ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది, పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు పంపేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే, అయినా అవతల ఎవరు మాట్లాడుతున్నారో గుర్తుపట్టేవాళ్లం కదా. నేను కొన్న సెట్‌లో ఆ చిన్న స్పీకర్లలో కోన్‌లు, అంటే అదిరి సౌండ్ ఇచ్చే గరాటు లాంటి భాగాలు, రెండించులవే, మగ గొంతులో కింది భాగం వాటి వల్ల కాదు, అదంతా ఊఫర్ మీద పడుతుంది, గొంతు రెండు ముక్కలైపోతుంది. అందుకే తక్కువ బడ్జెట్‌లో పాటలూ పద్యాలూ వినేవాళ్లకి మూడు డబ్బాల సెట్ కంటే మంచి రెండు డబ్బాలే మేలని నా గట్టి నమ్మకం.

కొత్తవి కూడా చూశా. క్రియేటివ్ పెబుల్ అని గుండ్రంగా ఉంటాయి, 4.4 వాట్స్ ఆర్‌ఎంఎస్సే, కానీ కోన్‌లు 45 డిగ్రీలు పైకి తిరిగి ఉంటాయి కాబట్టి టేబుల్ మీద పెట్టినా సౌండ్ సూటిగా మొహానికి వస్తుంది, చిన్న గదికి చక్కగా సరిపోతాయి. ఎడిఫైయర్ ఆర్1280టి అయితే నాలుగించుల కోను, పైన సన్నటి శబ్దాలకి వేరే ట్వీటర్, 42 వాట్స్ ఆర్‌ఎంఎస్, నాకు బాగా నచ్చింది గానీ అప్పటికే 2200 పోగొట్టుకుని ఉన్నా. ఇంకో మాట, మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్స్, దాంతోనే నడిచే స్పీకర్ మీద 40 వాట్స్ అని రాసుంటే నమ్మకండి.

చివరికి వన్‌టౌన్‌లో ఆంప్లిఫయర్లు రిపేర్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లా. "బాబాయ్, గొంతు బాగా వినపడాలి, అంతే" అన్నా. ఆయన పాత మ్యూజిక్ సిస్టమ్‌వి చెక్క డబ్బాల స్పీకర్లు ఒక జత తీశాడు, ఒక్కోదాంట్లో నాలుగించుల కోను, 800కి ఇచ్చాడు. వాటికి టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న ఆంప్లిఫయర్ బోర్డు 450, కరెంటుకి ఇంట్లో మూలపడ్డ పాత ల్యాప్‌టాప్ ఛార్జరే పెట్టా, అది 19 వోల్టులు, ఆ బోర్డుకి సరిపోతుంది. వైర్లతో కలిపి 1400 దాటలేదు.

మొదటి రోజు మళ్లీ తేడాగా వచ్చింది, గొంతు ఎక్కడుందో తెలియట్లేదు, బేస్ అసలే లేదు. చూస్తే ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తిరగేసి కలిపా, ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మార్చగానే పద్యం రెండు స్పీకర్ల సరిగ్గా మధ్యలోంచి, ఖాళీ గోడ దగ్గర మనిషి నిలబడి పాడుతున్నట్టు వచ్చింది, ఒళ్లు జలదరించింది. ఆ పాత రికార్డింగులన్నీ మోనో, రెండు పక్కలా ఒకే సౌండ్, గొంతు మధ్యలో నిలబడకపోతే స్పీకర్ల జతలోనో వైరింగ్‌లోనో ఏదో తేడా ఉన్నట్టే. మీరు కొనేటప్పుడు కూడా షాపువాళ్ల బీట్ వద్దని చెప్పి, మీకు నోటికొచ్చిన పాత పాట ఒకటి, వార్తలు ఒకటి ఫోన్లో తీసుకెళ్లి అదే వినండి.

స్పీకర్లని మూలల్లోంచి జరిపి, కింద రెండేసి లావు పుస్తకాలు పెట్టి చెవి ఎత్తుకి తెచ్చా, బొంయ్‌మనడం ఇంకాస్త తగ్గింది. సన్నగా హమ్ వస్తుంటే కంప్యూటర్‌నీ ఆంప్లిఫయర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టా, పోయింది. పోకపోతే ఆ హమ్‌ని ఆపడానికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్నది దొరుకుతుంది, అది పెట్టుకోండి, అంతేగానీ ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు.

ఉగాదికి నాన్న వచ్చినప్పుడు ఏమీ చెప్పకుండా పద్యం పెట్టా. కుర్చీ జరుపుకుని ముందుకొచ్చారు, అయిపోయాక ఇంకోటి, ఇంకోటి, అమ్మ అన్నానికి మూడుసార్లు పిలిచింది. బస్సెక్కేటప్పుడు "తెనాలిలో టీవీకి కూడా ఇలాంటివి పెట్టొచ్చా రా" అని అడిగారు. వన్‌టౌన్ బాబాయ్‌కి ఫోన్ చేశా, ఇంకో జత వస్తే నాకే ఉంచమని చెప్పా.