రంగు కర్రల మీద అంకెలు రాశాను

మా అక్క కొడుకు ఆరో తరగతి. మలక్‌పేటలో మా ఇంటికి రెండు సందుల అవతలే ఉంటారు. బడి అయ్యాక నా దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకుంటాడు. జులైలో ఒకరోజు నోటుబుక్‌లో 1/3 + 1/4 = 2/7 అని రాసి, పెన్ను మూసేశాడు. పైవి పైవీ, కిందివి కిందివీ కలిపేశాడన్నమాట. "మూడోవంతు ఒక్కటే 2/7 కంటే పెద్దది కదరా, దానికి ఇంకాస్త కలిపితే తగ్గిందేంటి?" అన్నాను. తెల్లముఖం వేశాడు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టి చేసి చూపిస్తే మర్నాడు అచ్చం అలాగే దించాడు. ఎందుకలా అంటే మాత్రం "అట్లనే చెయ్యాలె" అన్నాడు.

బీఎడ్‌లో చదివిన రంగు కర్రలు గుర్తొచ్చాయి. బెల్జియంలో జార్జ్ క్విజినేర్ అనే బడిపంతులు చేసినవి, 1952లో వాటి మీద పుస్తకం వేశాడు. పది పొడవులు, పది రంగులు. తెల్లది ఒక సెంటీమీటరు, ఎరుపు రెండు, లేతాకుపచ్చ మూడు, ఊదా నాలుగు, పసుపు ఐదు, ముదురాకుపచ్చ ఆరు, నలుపు ఏడు, గోధుమరంగు ఎనిమిది, నీలం తొమ్మిది, నారింజది పది. ఆ మరుసటేడు వాటిని చూసి దేశదేశాలూ తిప్పింది కాలెబ్ గట్టెన్యో అనే లెక్కల పంతులు. కర్రల మీద అంకెలుండవు. ముందు రంగులతోనే మాట్లాడించాలి, ఎరుపూ ఎరుపూ కలిస్తే ఊదా అని రాయించాలి, అంకెలు తర్వాత అన్నది ఆయన పట్టు. అంటే కూడికల కన్నా ముందే బీజగణితం. ఇదంతా తెలిసి కూడా నేనేం చేశానో చెప్తాను.

పెట్టె కొనుక్కోవచ్చు. నాకే చేతి దురద. సెంటీమీటరు మందం చదరపు చెక్క పట్టీలు తెచ్చి, స్కేలుతో వరసగా గీతలు గీసి, యాక్సా బ్లేడుతో కోశాను. ఐదు తెల్లవి పేర్చి పక్కన పసుపుది పెడితే తెల్లవి అరసెంటీమీటరు దాకా తక్కువొచ్చాయి. కోసినప్పుడల్లా బ్లేడు కొంత తినేస్తుందని తట్టలేదు. మా వీధి చివర కార్పెంటర్ అన్న చూసి నవ్వి, "గీతలు ఒక్కసారే గీసుకుంటే రంపం తినేది ఎవరిస్తరమ్మా?" అన్నాడు. బల్ల మీద ఒక అడ్డుచెక్క కొట్టి, పట్టీని ప్రతిసారీ దానికి ఆనించి కోశాడు. 74 కర్రలు గంటలో అయిపోయాయి.

రంగులేసి, పేర్లు పెట్టే దగ్గర తెలుగే చిక్కు తెచ్చింది. 'పచ్చది ఇవ్వు' అంటే వీడు ఒకసారి పసుపుదీ, ఒకసారి ఆకుపచ్చదీ ఇచ్చాడు. పోనీ మొదటి అక్షరం రాద్దామంటే నలుపు, నీలం, నారింజ మూడూ 'న' దగ్గరే గుమిగూడాయి. విసుగొచ్చి, స్కెచ్ పెన్నుతో ప్రతి కర్ర మీదా దాని అంకె రాసేశాను.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు ముదురాకుపచ్చది పెట్టి, "ఇది ఒకటి అనుకో, మరి ఎర్రది ఎంత?" అన్నాను.

"రెండు."

"కాదు, దీంట్లో ఎన్నోవంతు?"

"దీని మీద రెండని నువ్వే రాసినవు గద చిన్నమ్మా. రెండు ఒకటి కన్నా చిన్నగెట్లయితది?"

నిజమే. అదే ఎర్రది ఊదాలో సగం, ముదురాకుపచ్చలో మూడోవంతు, గోధుమరంగుదానిలో పావు. దేని పక్కన పెట్టామన్నదాన్ని బట్టి పేరు మారాల్సిన కర్రకి నేను ఖాయంగా పేరు చెక్కిపెట్టాను. ఆదివారమంతా సాండ్ పేపర్‌తో 74 కర్రలూ రుద్ది మళ్లీ రంగేశాను. వేళ్ల కొసలు మండిపోయాయి.

దారి చూపించింది మా అమ్మ. వంటింట్లోంచి "అద్దపావు చాయ్‌పత్తి తెచ్చిపెట్టరా" అని కేకేసింది. వాడు లేస్తుంటే ఆపి, గోధుమరంగు కర్ర చేతికిచ్చి "ఇది కిలో" అన్నాను. అంతే. ఊదా అరకిలో, ఎరుపు పావు, తెల్లది అద్దపావు అని గబగబా పేర్చేశాడు. పావులో సగం 1/8 అని నేను చెప్పలేదు. కిరాణా కొట్టు ఎప్పుడో చెప్పేసింది.

ఆ తర్వాత మళ్లీ పాత లెక్క. లేతాకుపచ్చ కర్రలతో ఒక రైలు, ఊదావాటితో ఇంకో రైలు, రెండూ ఎక్కడ సమంగా ఆగుతాయో చూడమన్నాను. నాలుగు లేతాకుపచ్చలు, మూడు ఊదాలు. క.సా.గు. అంటే ఇదే. ఆ పొడవు, అంటే నారింజకి ఎరుపు కలిపితే వచ్చేది, ఒకటి. మూడోవంతు ఊదా, నాలుగోవంతు లేతాకుపచ్చ. రెండూ కలిపి పెడితే నల్లదానికి సరిపోయాయి. తెల్లవి పేర్చి లెక్కపెట్టి 7/12 అని రాశాడు. పాత పేజీలో 2/7 కొట్టేస్తూ "ఏడు పైకి పోవాల్నా!" అనుకున్నాడు.

బీజగణితానికి పెద్దగా కష్టపడలేదు. ఒకేరకం కర్రలు రెండు పిడికిట్లో దాచి, "వీటికి ఒక తెల్లది కలిపితే నీలం" అనేదాన్ని. వాడు నీలం పక్కన తెల్లది పెట్టి, మిగతా మేర గోధుమరంగుదని చూసి, "ఊదా" అని పిడికిలి విప్పించేవాడు. 'అటు తీసుకెళ్తే మైనస్' అన్న మాటే రాలేదు.

మొన్న వాడే నన్ను అడిగాడు. "ఒకే రకంవి రెండు, ఒక తెల్లది కలిపితే నారింజ. ఏం కర్ర?" ఊదా పెట్టాను, తక్కువ. పసుపు పెట్టాను, ఎక్కువ. వాడు ఖాళీ పిడికిలి తెరిచి నవ్వాడు. "సగం తెల్లది కావాలె చిన్నమ్మా. కార్పెంటర్ అన్న దగ్గరికి పోదాం పా."