డ్యూటీ దిగాక డైలీ చార్టు

మన స్టాక్ మార్కెట్ పొద్దున 9:15కి తెరుచుకుని మధ్యాహ్నం 3:30కి ముగుస్తుంది. అదే సమయం రియాద్, కువైట్, దోహాల్లో 6:45 నుంచి ఒంటిగంట వరకు, దుబాయ్‌లో 7:45 నుంచి రెండింటి వరకు. న్యూజెర్సీలో వేసవిలో రాత్రి 11:45కి మొదలై తెల్లవారి ఆరింటికి ఆగుతుంది, చలికాలంలో గంట ముందు. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటూ టెక్నికల్ అనాలిసిస్, అంటే షేరు పాత ధరల చార్టు చూసి నిర్ణయం తీసుకోవడం, నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఈ గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాల చార్టు పని మీద ఉన్నవాళ్లకు పనికిరాదు, నిద్ర మానుకునేవాళ్లకు అసలే వద్దు. రోజుకొక్క క్యాండిల్, అంటే ఆ రోజు ధర కదలికను చూపే కడ్డీ, ఉండే డైలీ చార్టు చాలు.

నిబంధనలూ అదే చెబుతున్నాయి. ఎన్నారైలకు షేర్లలో ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేయడం, లేదు. కొన్నది డెలివరీ తీసుకోవాల్సిందే, అంటే షేర్లు ఖాతాలోకి రావాల్సిందే. చేతిలో లేనిది అమ్మకూడదు, ఈరోజు కొన్నది డీమ్యాట్‌లోకి (షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతా) చేరకముందే రేపు అమ్మడమూ కుదరదు. ఇందులో పోగొట్టుకునేది ఏమీ లేదు. 2022-23లో ఈక్విటీ క్యాష్ విభాగంలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పదిమందికి ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో చెప్పింది. ఊరి నుంచి బయల్దేరేముందు తెరిచిన మామూలు డీమ్యాట్ ఖాతానే ఇక్కడి నుంచి నడపకూడదు. ముందు దాన్ని ఎన్‌ఆర్‌ఓ (ఎన్నారైలు మన దేశంలో ఉంచుకునే ఖాతా) కిందికి మార్పించుకోండి, చార్టు ఆ తర్వాత.

క్యాండిల్‌లో నాలుగు ధరలుంటాయి: మొదలైనది, గరిష్ఠం, కనిష్ఠం, ముగిసినది. ఒక షేరు 500 దగ్గర మొదలై, 518 దాకా ఎక్కి, 496 దాకా దిగి, 503 దగ్గర ముగిసిందనుకుందాం. మొదలైన ధరకూ ముగిసిన ధరకూ మధ్య ఉండే ఒంటి భాగం మూడు రూపాయలే, అక్కణ్నుంచి గరిష్ఠం దాకా ఉండే పైన తోక మాత్రం పదిహేను. పైన అమ్మేవాళ్లు కాచుకుని ఉన్నారని దాని అర్థం. గత కొన్ని నెలల్లో ధర 515-520 మధ్య నుంచి రెండుసార్లు వెనక్కి తిరిగి ఉంటే ఆ తోకకు విలువుంది, అదే రెసిస్టెన్స్. అలాంటి గతం లేనిచోట అదే ఆకారం ఏమీ చెప్పదు. రెసిస్టెన్స్‌ను గానీ, ధర దిగినప్పుడు ఆగి పైకి తిరిగే చోటైన సపోర్ట్‌ను గానీ ఒక్క గీతగా గీయకండి, నాలుగైదు రూపాయల పట్టీగా గీయండి.

అదే రోజు మధ్యలో, టీ బ్రేక్‌లో ఫోన్ తీసి చూసినవాళ్లకు ఏం కనిపించి ఉంటుంది? ధర 516, నిండుగా పచ్చటి క్యాండిల్, పైన తోకే లేదు. బ్రేకవుట్, అంటే రెసిస్టెన్స్ దాటేసింది, అనుకుని కొనేస్తారు. మార్కెట్ మూసేసరికి వాళ్లు కొన్న చోటే తోక అయి కూర్చుంటుంది. కొత్తవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఇలాగే. ముగియని క్యాండిల్‌ను చదవకండి.

మూవింగ్ యావరేజ్‌లు రెండు చాలు: 50 రోజులది, 200 రోజులది. ముగింపు ధరలన్నీ కూడి రోజుల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అది, కాబట్టి ఎప్పుడూ ధర వెనకే నడుస్తుంది. మార్కెట్ ఎటూ కదలనప్పుడు ధర 50 రోజుల గీతను పదేపదే దాటుతుంది, ప్రతిసారీ తప్పుడు సంకేతమే. 200 రోజుల గీత చదునుగా ఉంటే ఆ షేరు వదిలేయండి. ధర ఎంత జోరుగా ఎక్కుతోందో, దిగుతోందో సున్నా నుంచి వంద మధ్య చూపే ఆర్‌ఎస్‌ఐని వెల్స్ వైల్డర్ 1978లో పరిచయం చేశారు. మామూలుగా 14 రోజుల లెక్క, 70, 30 హద్దులు: 70 దాటితే బాగా ఎక్కినట్టు, 30 కిందికి దిగితే బాగా పడినట్టు. 70 దాటగానే అమ్మేయాలన్నది తప్పు. బలమైన ట్రెండ్‌లో అది వారాల తరబడి పైనే ఉంటుంది. ఒకటికి ఒకటి బోనస్ (ఉన్న ప్రతి షేరుకూ ఇంకోటి ఉచితం) అమల్లోకి వచ్చిన రోజు ధర దాదాపు సగమవుతుంది. చార్టు పాత ధరలను సర్దకపోతే అది పెద్ద పతనంలా కనిపిస్తుంది, యావరేజ్‌లన్నీ అబద్ధమవుతాయి.

ఇప్పుడు అసలు లెక్క. పై షేరే కొన్ని వారాలకు 515-520 పట్టీ దాటి 524 దగ్గర ముగిసింది, వాల్యూమ్ (ఆరోజు చేతులు మారిన షేర్ల సంఖ్య) 20 రోజుల సగటుకు ఒకటిన్నర రెట్లు ఉంది. స్టాప్‌లాస్, అంటే ధర అక్కడికి దిగితే నష్టానికైనా అమ్మేసే చోటు, 504. పెట్టుబడి 2 లక్షలైతే ఒక్క ట్రేడ్‌లో పోవడానికి ఒప్పుకోవలసింది ఒక శాతం, అంటే 2,000. షేరుకు 20 రూపాయల రిస్క్ కాబట్టి 100 షేర్లు. కానీ కొనేది మర్నాడు. మార్కెట్ 535 దగ్గర తెరుచుకుంటే రిస్క్ 31 అవుతుంది, అప్పుడు 64 షేర్లే. రాత్రి రాసుకున్న వంద అలాగే కొట్టకండి.

మామూలు స్టాప్‌లాస్ ఆర్డర్ సాయంత్రానికి రద్దయిపోతుంది. షిఫ్టులో ఉన్నవాళ్లు రోజూ మళ్లీ పెట్టలేరు, అందుకే జీటీటీ ఆర్డర్, అంటే ధర మీరు చెప్పిన చోటికి చేరేదాకా రోజుల తరబడి నిలిచి ఉండేది. మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు బ్రోకర్ ఆ సదుపాయం ఇస్తున్నారో లేదో కొనకముందే అడగండి. దానికీ ఒక లోపముంది. ట్రిగ్గర్ (ఆర్డర్ బయల్దేరే ధర) 504, లిమిట్ (అంతకు తక్కువకు అమ్మకూడదన్న ధర) 502 పెట్టారు, కంపెనీ త్రైమాసిక ఫలితాలు బాగాలేక షేరు 484 దగ్గర తెరుచుకుంది. ఆర్డర్ 502 దగ్గరే నిలబడిపోతుంది, అమ్ముడుపోదు. 524కి కొన్న వంద షేర్లకు నష్టం అప్పటికే 4,000. ఫలితాల తేదీ దగ్గర్లో ఉంటే కొనకండి, తప్పదంటే సగం కొనండి.

లాభం వస్తే పన్ను ముందే కోస్తారు. 2024 జులై 23 నుంచి ఏడాదిలోపు అమ్మిన షేర్ల లాభంపై 20 శాతం, ఏడాది దాటితే 12.5 శాతం, పైన సెస్సు. మాటిమాటికీ కొని అమ్మేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

సౌదీ, కువైట్‌లలో శుక్రవారం సెలవు, మన మార్కెట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆరోజు పొద్దున్నే ఫోన్ ముందు కూర్చోవాలనిపిస్తుంది. ఒంటిగంట దాటనివ్వండి. అప్పటికి వారం క్యాండిల్ కూడా పూర్తవుతుంది. ముందు వీక్లీ చార్టులో ట్రెండ్ ఎటుందో చూసి, తర్వాత డైలీలో పట్టీలు గీసి, ప్రతి షేరుకూ కొనే ధర, స్టాప్‌లాస్, ఎన్ని షేర్లన్నవి కాగితం మీద రాసుకోండి. సోమవారం పొద్దున ఆర్డర్ ఆ కాగితం చూసి పెట్టండి.