ఇంకొకరి మిద్దెకు పంపే విత్తనం

మిద్దె తోటల వాళ్లు నలుగురు కలిస్తే ముందు చేతులు మారేవి విత్తనాలే. కొంగు ముడిలోనో, పాత పెళ్లిపత్రిక కవరులోనో ఒక పది గింజలు. మృగశిర కార్తె దగ్గర పడేకొద్దీ ఈ సందడి ఇంకా పెరుగుతుంది. ఇచ్చే చేతిలో ప్రేమకు లోటుండదు. కానీ ఆ గింజ నుంచి ఏం వస్తుందో ఇచ్చినవాళ్లకే తెలియని సందర్భాలు చాలా ఉంటాయి. పొడుగు సొర అని ఇస్తే గుండు సొర కాస్తుంది, లేదంటే అసలు మొలకే రాదు. అప్పుడు తీసుకున్నవాళ్లకు ఒక గింజతో నష్టం ఆగదు. కుండీ, ఎరువు, మూడు నెలల నీళ్లు, ఒక సీజన్ మొత్తం పోతుంది. అందుకే మనం నాటుకునే విత్తనం కంటే పంచే విత్తనం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా పట్టుదల.

ముందుగా, కొన్న ప్యాకెట్ మీద ఎఫ్1 అనో హైబ్రిడ్ అనో (రెండు వేరు రకాలను కలిపి పుట్టించిన సంకరం) ఉంటే ఆ మొక్క గింజ పంచొద్దు. మొలుస్తుంది, కాస్తుంది కూడా. కానీ తర్వాతి తరంలో లక్షణాలు విడిపోయి ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. నాటు రకమైతేనే తల్లిని పోలిన పిల్ల వస్తుంది, అదీ పరాయి పుప్పొడి తగలకుండా కాపాడితేనే.

ఎక్కువమంది పొరపాటు పడేది తీగ జాతుల దగ్గర. సొర, బీర, గుమ్మడి, కాకర, వీటన్నిటికీ ఒకే తీగ మీద ఆడపువ్వులు, మగపువ్వులు విడివిడిగా పూస్తాయి. పక్కింటి మిద్దె మీద ఇంకో రకం సొర ఉందంటే పురుగులు ఆ పుప్పొడి తెచ్చి మన పువ్వుకు అంటించేస్తాయి. పొలంలో విత్తనం పండించేవాళ్లు వందల మీటర్ల ఎడం పాటిస్తారు. కాలనీలో అది కుదరదు కాబట్టి మనకున్న దారి చేత్తో పుప్పొడి అద్దడమే.

సొర పువ్వు సాయంత్రం విచ్చుకుని, రాత్రంతా తెల్లగా తెరుచుకుని ఉండి, పొద్దుటికి వాడిపోతుంది. కాబట్టి నాలుగు గంటలకల్లా మిద్దె ఎక్కి, ఆ రోజు విచ్చబోయే మొగ్గలు వెతకాలి. బాగా ఉబ్బి, కొసన తెల్లటి రేకు తొంగిచూస్తుంటే ఆ సాయంత్రం విచ్చుతుందని గుర్తు. ఆడమొగ్గ కింద నూగుతో మెత్తగా వేలెడు పిందె ఉంటుంది, మగమొగ్గకు సన్నటి కాడ మాత్రమే. ఒక ఆడమొగ్గకు, రెండు మూడు మగమొగ్గలకు పల్చటి నూలు సంచి తొడిగి దారంతో కట్టాలి. మగమొగ్గలు అదే రకానికి చెందిన వేరే తీగవైతే ఇంకా మంచిది. ఆరున్నర, ఏడు గంటలకు పువ్వులు తెరుచుకుంటాయి. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడిమి బుడిపెల మీద అన్ని వైపులా మెల్లగా రాయాలి. వేలితో తాకితే పసుపు పొడిలా అంటుకుంటేనే ఆ పుప్పొడి పనికొస్తుంది, తడిసి ముద్దయితే వదిలేయాలి. వెంటనే ఆడపువ్వుకు మళ్లీ సంచి కట్టి, మర్నాడు మధ్యాహ్నం తీసేయాలి. కాడకు ఎర్ర ఊలు దారం కట్టడం మరవొద్దు. లేకపోతే ఇంట్లోవాళ్లు కూరకు కోసేస్తారు.

మూడు నాలుగు రోజుల్లో పిందె సాగితే నిలిచినట్టే. పసుపు తిరిగి ముడుచుకుపోతే అద్దకం కుదరలేదు. వాన పడటమో, తీగ మీద అప్పటికే కాయలు ఎక్కువగా ఉండటమో కారణం అయి ఉంటుంది. అందుకే విత్తనం కాయ నిలబడేదాకా మిగతా కాయలు లేతగానే కోస్తూ ఉండాలి. తీగకు ఒకటి, మహా అయితే రెండు చాలు. విత్తనం ముదిరేకొద్దీ తీగ కొత్త పిందెలు తగ్గించేస్తుంది, దానికి సిద్ధపడాలి. చివరగా మిగిలిన గిడస కాయను విత్తనానికి వదిలే అలవాటు మాత్రం మానుకోవాలి. తీగ బలంగా ఉన్నప్పటి నిండు కాయనే వదలాలి. పచ్చదనం పోయి ఎండుగడ్డి రంగు వచ్చి, గోరు దిగక, ఊపితే గింజలు గలగలమనేదాకా కోయొద్దు. దీనికి రెండు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది.

బీర పువ్వు కూడా సాయంత్రమే. గుమ్మడి, దోస, కాకర, నేతిబీర పొద్దున్నే విచ్చుతాయి. వాటికి ముందు రోజు సాయంత్రమే సంచి కట్టి, తెల్లవారాక ఏడులోపు అద్దేయాలి.

సొర విషయంలో ఒక హెచ్చరిక. కాయ రుచి తల్లి తీగను బట్టి ఉంటుంది. గింజలో చేదు సొర పుప్పొడి కలిసినా ఈ కాయలో తెలియదు, ఆ గింజ నాటినవాళ్ల పంటలో బయటపడుతుంది. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలది, ఉడికించినా పోదు. చేదు సొరరసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయాయి. అందుకని సొర గింజలు ఇచ్చేటప్పుడు, వండే ముందు చిన్న ముక్క కొరికి ఉమ్మి చూడమని తప్పకుండా చెప్పాలి. చేదు తగిలితే కాయ పారేసి తీగను పీకేయాలి. ఆ విత్తనం ఇంకెవరికీ వెళ్లకూడదు.

చిక్కుడు, టమాటా చాలావరకు తమ పుప్పొడితోనే కాస్తాయి కాబట్టి అంత శ్రమ లేదు. బెండ, వంగ, మిర్చి మీద తేనెటీగలు వాలితే కలుస్తాయి. పువ్వు విచ్చకముందే సంచి కట్టేస్తే చాలు, అద్దే పని లేదు. తోటకూర పుప్పొడి గాలికే ఎగురుతుంది. ఎర్ర తోటకూర, పచ్చ తోటకూర రెండిటినీ ఒకేసారి పూతకు వదిలితే కలగాపులగమే.

టమాటా గింజ చుట్టూ జిగురు ఉంటుంది. బాగా పండిన కాయ గుజ్జును గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు పోసి, గుడ్డ కప్పి ఒకటి రెండు రోజులు పులియనివ్వాలి. ఎండాకాలంలో ఒక రోజే చాలు, ఇంకా ఉంచితే గ్లాసులోనే మొలకెత్తుతాయి. పైకి తేలినవి పారబోసి, అడుగున ఉన్నవి కడిగి స్టీలు పళ్లెంలో పల్చగా ఆరబెట్టాలి. కాగితం మీద వేస్తే అంటుకుపోయి ఊడిరావు. వంకాయనైతే పసుపు రంగుకు తిరిగేదాకా చెట్టునే ఉంచి, నీళ్లలో పిసికితే మంచి గింజ మునుగుతుంది.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. మే నెల ఎండలో గచ్చు మీద పోస్తే గింజ ఉడికిపోతుంది. పొద్దుటి ఎండ, తర్వాత నీడ, అలా వారం రోజులు. గుమ్మడి గింజ వంచితే పుటుక్కున విరగాలి, చిక్కుడు గింజ మీద పంటి గాటు పడకూడదు. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో, గాలిలో తేమకు ఎంత ఆరబెట్టినా చాలదు. అప్పుడు బియ్యం బాగా వేయించి వేడిగానే సీసాలో పోసి మూత పెట్టి, చల్లారాక గింజల గుడ్డమూట అందులో ఉంచాలి. గింజలకు రెట్టింపు బియ్యం, రెండు వారాలు. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ లెక్క ఒకటుంది: గింజలో తేమ 1 శాతం తగ్గినా, దాచే చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుంది. సీసా ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, తీస్తే గింజల మీద చెమ్మ పడుతుంది.

చిక్కుడు, అలసంద గింజల పుచ్చు డబ్బాలో మొదలయ్యేది కాదు. కాయ తీగ మీద ఉండగానే పురుగు గుడ్లు పెడుతుంది. బాగా ఆరిన గింజను మూత బిగించి నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే అవి చస్తాయి. ఆరని గింజను పెడితే గింజే చస్తుంది. తక్కువ గింజలకైతే జల్లించిన కట్టెబూడిద కలపడం ఇప్పటికీ మంచి పద్ధతే.

పంచే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూడాలి. ఏడుకు తక్కువ మొలిస్తే ఆ మాట చెప్పి ఇవ్వాలి. పొట్లం మీద రకం పేరు, ఎక్కడి నుంచి వచ్చింది, కోసిన నెల, ఏడాది, కాయ రంగు, చేత్తో అద్దిందా లేదా, ఇవన్నీ రాయాలి. పోస్టులో పంపేటప్పుడు సొర, బీర గింజలను రెండు అట్టముక్కల మధ్య పెట్టాలి. ఉత్త కవరులో వెళ్తే ముద్ర దెబ్బకు నలిగిపోతాయి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు దశాబ్దాలుగా విత్తన బ్యాంకులు నడుపుతున్నారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్ల దగ్గర విత్తనం తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక తిరిగి జమ చేయాలి. మిద్దె మీద నాలుగు తీగలున్నవాళ్లం కూడా ఆ పద్ధతి పాటించొచ్చు. పది సొర గింజలు తీసుకుంటే, కాయ ఎలా వచ్చింది, తీయగా ఉందా, ఎన్ని రోజులకు కాసింది అనే కబురుతో పాటు ఇరవై గింజలు తిరిగివ్వాలి. ఇచ్చేవాళ్లు ఒకే ఊళ్లో ముగ్గురికి కాకుండా మూడు ఊళ్లలో ఒక్కొక్కరికి ఇచ్చి, సగం తమ సీసాలోనే ఉంచుకోవాలి. ఒక ఏడు వడగళ్లకు మన పందిరి పోయినా, అదే రకం ఇంకో మిద్దె మీద కాస్తూ ఉంటుంది.